గురి పెట్టడానికి రంగు దొరకని ఏడాది

నా కుంచెల మీద ఒట్టు. ఆ కుంచెలు కడిగే కిరసనాయిలు మీద ఒట్టు. కోరుట్ల బస్టాండు మొదలు ఊరి చివర పసుపు కళ్లాల దాకా నేను రాసిన ప్రతి బోర్డు మీదా ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. మా ఊళ్లో నా సంగతి అడిగితే, వాడు చెప్పింది సగానికి సగం కోసి వినమని సలహా ఇస్తారు. ఇవ్వనివ్వండి. ఒట్టు తీసి గట్టున పెట్టే అలవాటు నాకు లేదని అనను కానీ, ఈసారి దగ్గరలో గట్టు కనిపించలేదు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. బోర్డులు రాసేవాడికి అంత చేతినిండా పని మళ్లీ దొరకలేదు. అంత అనుమానమూ మళ్లీ దొరకలేదు. రంగు డబ్బా మూత తీస్తే చాలు, దారిన పోయేవాడు ఆగి, మెడ సాచి లోపల ఏ రంగుందో చూసి, తర్వాత నా మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. ఆ ఏమీ అనకపోవడమే భయం. పొద్దున ఒక జెండావాళ్ల గోడ, మధ్యాహ్నం ఇంకో జెండావాళ్ల గోడ రాసేవాడిని. అన్నానికి ఇంటికి పోయేటప్పుడు చేతులకు ఏ రంగు అంటుకుందో చూసుకుని, దానికి తగిన సందులోంచి నడిచేవాడిని.

గోడలు కాక నాకు ఇంకో పిచ్చి ఉండేది, ఛర్రా తుపాకి. గాలి ఒత్తిడితో సీసపు ఛర్రాను విసిరే తుపాకి అది. పిట్టను కొట్టినా పిట్ట తిట్టి పోతుందే తప్ప చావదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్లలో నాలాంటి పిచ్చివాళ్లు కొందరున్నారు. ఏటా పసుపు తవ్వకాలు అయ్యాక కొడిమ్యాల దగ్గర గుట్ట కింద, మొరం తవ్వగా మిగిలిన గుంతలో మ్యాచు పెట్టుకునేవాళ్లం. మూడు ఊళ్లకూ మధ్యన ఉంటుందని ఆ చోటు ఎంచుకున్నాం. మూడు ఊళ్లవాళ్లూ అది తమకే దూరమని, ఇందులో ఏదో కుట్ర ఉందని నమ్మేవాళ్లు.

మాకు తుపాకి పట్టడం నేర్పింది మా కోరుట్ల సుబేదారు సాబు. మిలిటరీ నుంచి రిటైరై వచ్చి ఏళ్లయినా మీసం మాత్రం రిటైర్ కాని మనిషి. మా జట్టుకు ఆయనే పెద్ద. మూడు ఊళ్ల మ్యాచుకు నిషాను, అంటే మేం గురి చూసి కొట్టే అట్ట, ఏ రంగుండాలో ఖరారు చేసేదీ ఆయనే. ఆ మాట మీద అప్పటిదాకా ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే ఎత్తాల్సిన పని పడలేదు. తెల్ల అట్ట మీద నల్ల గుండ్రం. ఎవరికీ పట్టింపు లేని రంగులు.

చిక్కు ఎండతో వచ్చింది. తుపాకి మూతి మీద చిన్న మొటిక ఉంటుంది, మక్కీ అంటాం. దాన్ని గుండ్రం నడుమకు తెచ్చి కొట్టాలి. మక్కీ నలుపు, గుండ్రం నలుపు. ఎండలో రెండూ కలిసిపోయి, మక్కీ ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. పైగా తెల్ల అట్ట కళ్లలోకి కొట్టేది. ఒకసారి ఆ అట్ట మీద వాలిన కాకి లేచి, దారి తెలియక గుట్టకు గుద్దుకుని పడింది. కళ్లారా చూశాను. ఇక ఈసారి గుండ్రానికి వేరే రంగు వేద్దామని జగిత్యాల జట్టు పెద్ద కబురు పంపాడు. ఆయనకు అక్కడ టవర్ దగ్గర చష్మాల దుకాణం. అందరం చష్మాల భాయ్ అంటాం. కళ్ల గురించి కళ్లద్దాలవాడు చెప్పాడు కాబట్టి అందరూ సరేనన్నారు. పెయింటర్‌ను కాబట్టి నమూనాలు నన్ను వేయమన్నారు.

తెల్ల అట్టల మీద ఒక్కో రంగు గుండ్రం వేసి, ఒక పొద్దున సుబేదారు సాబును మొరం గుంతకు తీసుకెళ్లాను. మొదట గులాబీ రంగు అట్ట నిలబెట్టాను. ఎర్రమొరం ముందు భలేగా కనిపిస్తుందని నా నమ్మకం. ఆయన తుపాకి ఎత్తి, చాలాసేపు చూసి దించారు.

"వద్దు."

"ఎందుకు సాబ్? మంచిగనే కొడుతుంది గద రంగు."

"వద్దంటె వద్దు. తీసెయ్."

పసుపు రంగు పెట్టాను. దాన్ని అంతసేపు కూడా చూడలేదు. "గిది ఇంక వద్దు" అని తుపాకి సంచిలో పెట్టేశారు.

నేనేమో ఈ సంగతి కటింగ్ షాపులో కటింగ్ చేసే అతనికి ఒక్కడికే చెప్పాను. షాపు నిండా జనం ఉంటే అది నా తప్పా? మర్నాటికల్లా ఆ కబురు దీక్షా శిబిరానికి చేరింది. తహసీలు ఆఫీసు ముందు టెంటు వేసి రోజుకు కొందరు నిరాహారంగా కూర్చునేవాళ్లు. ఆ టెంటును నడిపే తమ్ముడొకడు, పాతికేళ్లుంటాయేమో, మెడలో గులాబీ కండువా తీయగా ఎవరూ చూడలేదు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పెయింటరన్నా, సుబేదారు గులాబీ వద్దన్నడట గద. గంత మంట ఎందుకాయనకు?"

"గులాబీ పెడితె మీరు ఊకుంటరా తమ్మి? మీ రంగు మీద ఛర్రాలు కొడుతమంటె?"

"ఏడ ఊకుంటం? బొక్కలిరుగుతయ్."

"మరి వద్దన్నది మంచిదే గద."

"వద్దనుడు వేరన్నా. ఎందుకు వద్దన్నడో గది వేరు."

పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న పెద్దాయన కళ్లు తెరవకుండానే అందుకున్నాడు. "మిల్ట్రీల దేశంల ఉన్నోల్లందరితోని కలిసి తిన్నోడు. కలిసే ఉందామంటడు. గాయన మనోడెట్లయితడు?" టెంటులో అందరూ తలలు ఊపారు. ఒక మనిషి ఎటువైపో ఆ తల ఊపుల్లోనే తేలిపోయేది ఆ రోజుల్లో. చివరికి తమ్ముడు తేల్చి చెప్పాడు. "ఐతారం మ్యాచుకు మేమూ వస్తం. ఏ రంగు పెడతడో, ఎట్ల కొడతడో చూస్తం. ఆయన తెలంగాణోడా, కాదా, ఆడనే తేలుతది. కాదనుకుంటె ఆయనకు కోరుట్లల శాయి పోసెటోడు ఉండడు."

రెండు రోజులకు సుబేదారు సాబు ఇంటి గోడ మీద 'ద్రోహి' అని అక్షరాలు పడ్డాయి. కోరుట్లలో గోడ మీద ఏది పడినా మొదటి చూపు నా మీదే. ఆయన నేరుగా నా దుకాణానికి వచ్చారు.

"నువ్వు రాసినవా?"

"నేను రాస్తె అక్షరానికి షేడు ఏస్త సాబ్. గది షేడు లేని రాత."

ఆయన నవ్వలేదు. తుడిచి వస్తానంటే వద్దన్నారు. "ఉండనియ్. చూసెటోడు చూడని" అని, మెట్టు దిగబోతూ కాలు తడబడి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నారు. కోపం వల్ల అనుకున్నాను.

ఇక ఎవరికీ నొప్పి కలగని రంగు ఒకటి వెతకాలి. ఆ వెతుకులాటలో సిరిసిల్ల పోయాను. అక్కడ మా సడ్డకుడికి సాంచలున్నాయి. మరమగ్గాలను వాళ్లు సాంచలంటారు. ఆ రోజుల్లో జెండా గుడ్డకు గిరాకీ. సాంచల చప్పుడులో ఆయన అరుస్తూ, నేను అరుస్తూ, రంగులన్నీ ఒక్కొక్కటే లెక్కలోంచి తీసేశాం.

"ఎరుపు పెడితె ఎట్లుంటదన్నా?"

"మా సాంచలోల్ల సంఘం జెండ ఏ రంగనుకున్నవ్? నన్ను సాంచలకు గుంజి కడుతరు."

"నీలం?"

"గది మా కాలనీ జెండ."

"కాషాయం?"

"నువ్వు బతుకదల్సుకున్నవా, లేదా? ముందుగాల గది చెప్పు."

ఆకుపచ్చ మాట చష్మాల భాయ్ ముందే తేల్చేశాడు, పెడితే తనను ఇంట్లోకి రానివ్వరని. జాతీయ జెండా మూడు రంగులూ కలిపి పెడదామంటే దేశద్రోహం అవుతుంది. చివరికి సడ్డకుడు అద్దకం తొట్లలో మిగిలిన రంగులన్నీ ఒక్కదాంట్లో పోయించి, గుడ్డ ముంచి ఇచ్చాడు. "తీస్కపో. గిది ఏ పార్టీది కాదు" అన్నాడు. నిజమే, పేడకూ మొరానికీ నడుమ రంగు. దాన్ని మొరం గుంతలో వేలాడదీసి, వెనక్కి నడిచి తిరిగి చూస్తే గుడ్డ లేదు. దగ్గరికి పోయి వెతికాను, చేతులతో తడిమాను. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఎవరికైనా దొరికితే మా సడ్డకుడికి ఇవ్వండి.

తిరిగి వస్తూ జగిత్యాలలో బస్సు మారాను. టవర్ దగ్గర నిలబడ్డానా, చష్మాల భాయ్ దుకాణంలోంచి సుబేదారు సాబు దిగుతున్నారు. అటూ ఇటూ చూసి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచి పోయారు. మా జట్టు పెద్ద, మ్యాచుకు నాలుగు రోజుల ముందు, ఎదుటి జట్టు పెద్ద దుకాణంలో ఏం పని? రంగు మార్చుదామన్నది జగిత్యాలవాళ్లు. వచ్చిన ప్రతి రంగూ కాదంటున్నది ఈయన. ఇద్దరూ కలిసి ఏదో వండుతున్నారు. గుమ్మం ఎక్కాను.

"సుబేదారు సాబ్ ఎందుకచ్చిండు భాయ్?"

"చష్మాల దుకాణంలకు మటన్ కోసం వస్తరా?"

"గాయనకు చష్మాలు లేవు గద."

"అందుకే అచ్చిండు."

"మాటలు తిప్పకు భాయ్. మ్యాచ్ అమ్ముకుంటున్నరా ఏంది?"

చష్మాల భాయ్ నన్ను కాసేపు చూశాడు. "సాబ్‌కు మాటిచ్చిన, ఎవనికి చెప్పనని. నీకు అస్సలే చెప్పద్దన్నడు. చెప్త లేను. నువ్వే చూసుకో." ఒక అద్దం ముక్క తీసుకుని, తన నెత్తికి రాసుకున్న కొబ్బరినూనె వేలితో దాని మీద పులిమి, నా కంటికి ఆనించి, నా మొహాన్ని వీధి వైపు తిప్పాడు. "గా జెండలు చూడు."

చూశాను. ఎండ మొత్తం కంట్లోకి వచ్చి పడ్డది. తెల్లగోడ మంటలా ఉంది. దాని మీద గులాబీ జెండా ఉండాలి, లేదు. పక్కన పసుపు బ్యానరూ లేదు. మనుషులు నీళ్లలో పడ్డ నీడల్లా కదులుతున్నారు.

"రెండు కండ్లల్ల శుక్లం. కుడికన్ను ఎక్కువ" అన్నాడు నెమ్మదిగా. "ఆయనకు గులాబీ మీద కోపం లేదు భాయ్. ఆయనకు గులాబీ కనవడలే."

"మరి గదే చెప్తె అయిపాయె గద. టెంటోల్లు కాళ్లు మొక్కుతరు."

"చెప్పి చూడు. ఆయన నీ మొహం మల్ల చూడడు. మ్యాచయినంక ఆపరేషన్ చేయించుకుంట అన్నడు. గప్పటిదాక నోరు మూసుకో."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఎరుగును. ఆ నాలుగు రోజులు నానింది. కటింగ్ షాపు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయాను. నూనె పూసిన ఆ అద్దం ముక్కను మాత్రం అడిగి తెచ్చుకుని, మొరం గుంతలో కూర్చుని నా నమూనాలన్నీ దానిలోంచి చూశాను. ఏ రంగు గుండ్రమైనా తెల్ల అట్ట మింగేస్తోంది. విసుగొచ్చి అట్టలన్నీ కింద పారేశాను. ఒకటి వెనక్కి తిరిగి పడింది. వెనక వైపు ఏదో దుకాణం బోర్డు కోసం పూసిన నల్లరంగు ఉంది. దాని మీద తెల్లరంగు చుక్క ఒకటి ఎప్పుడో కారి ఎండిపోయింది. నూనె అద్దంలోంచి అదొక్కటే కనిపించింది, పొద్దుగూకాక మొదటి చుక్క కనిపించినట్టు.

అంటే తప్పంతా గుండ్రం రంగుది కాదు, చుట్టూ ఉన్న తెలుపుది. నల్ల అట్ట మీద తెల్ల గుండ్రం వేశాను. నల్ల మక్కీ ఆ తెలుపు మీద చీమలా నిలబడింది. మంచి కళ్లున్నవాళ్లకూ ఇదే మేలు. సుబేదారు సాబుకు చూపించాను. తుపాకి ఎత్తి, దించకుండానే అన్నారు.

"గిది పెట్టు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "నీకెవరు చెప్పిండ్రు?"

"ఏంది సాబ్ చెప్పేది?"

"ఏం లేదు."

ఇద్దరం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ ఇంటికి వచ్చాం.

ఆదివారం వచ్చింది. టెంటు తమ్ముడు ఆటోలు కట్టించుకుని వచ్చాడు. కండువాలు, సంచుల్లో గులాలు, ఒక డప్పు. అంతకు ముందే ఠాణాలో పర్మిషన్ అడిగితే, అక్కడి ఆయన "మ్యాచయినంక తుపాకులు ఏం చేస్తరు?" అన్నాడు. "ఇంటికి తీస్కపోతం" అంటే అదీ అనుమానంగానే విన్నాడు. కాబట్టి గట్టు మీద ఇద్దరు మఫ్టీ మనుషులు వేరుశనగలు ఒలుస్తూ కూర్చున్నారు. ఇందరి నడుమ తమ్ముడు నిషాను దగ్గరికి పోయి, నల్ల అట్టను గోటితో గీకి చూశాడు.

"నలుపెందుకన్నా? సచ్చిపోయిన మన పోరల కోసం పెట్టుకున్న బ్యాడ్జీ గిదే రంగు గద."

"నలుపును కొడుతలేం తమ్మి. నడుమల తెలుపును కొడుతున్నం."

"గా తెలుపు ఎవ్వలది?"

సుబేదారు సాబు దూరంగా చూస్తున్నారు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది.

"ఖద్దరంగిది."

"ఏ పార్టీ అంగి?"

"అంగి అన్ని పార్టీలకు ఒక్కటే గద తమ్మి."

తమ్ముడు ఆలోచించాడు. తన నాయకుడు తొడిగేది ఏమిటో అతని కళ్ల ముందు తిరిగిందని నాకు తెలుసు. నన్ను, అట్టను, మళ్లీ నన్ను చూశాడు. నెమ్మదిగా మూతి వంకర పోయింది. "గట్లయితె ముందుగాల నాకొక్క ఛర్రా ఇయ్యి" అన్నాడు. జట్లలోని ఎరుపు జెండావాళ్లూ, పసుపు జెండావాళ్లూ, సిరిసిల్ల సాంచలవాళ్లూ అందరూ వరుస కట్టారు. అంతమంది ఒకే రంగు మీద ఒప్పుకోవడం ఆ ఉద్యమంలో నేను చూసింది అదొక్కసారే.

మ్యాచు నడిచింది. సిరిసిల్ల ముందే జారిపోయింది. చివరికి జగిత్యాల, కోరుట్ల సమానం. సుబేదారు సాబు ఆఖరి దెబ్బ మిగిలింది. తమ్ముడు తన మనుషులతో నిషాను పక్కనే, చేతికందేంత దగ్గరగా నిలబడ్డాడు, దెబ్బ ఎక్కడ పడిందో తానే చూడాలని. సుబేదారు సాబు ఊపిరి బిగబట్టి కొట్టారు. తెల్ల గుండ్రం సరిగ్గా నడుమ చిల్లి. డప్పు మోగింది. తమ్ముడు పరుగున వచ్చి తన కండువా తీసి ఆయన మెడలో వేశాడు. మీసం గులాబీ అయ్యేదాకా గులాలు చల్లారు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక్కటే నేను కల్పించింది. ఆ ఆఖరి దెబ్బ.

ఆయన తుపాకి ఎత్తారు, నిజమే. గుండ్రం మీద గురి కుదిరింది, మూతి కదలకుండా నిలబడడం నేను చూశాను. తర్వాత నెమ్మదిగా దించారు. తుపాకి గొట్టం వంచి, ఛర్రా తీసి, జేబులో వేసుకున్నారు. చేయి ఎత్తి తమ్ముణ్ని దగ్గరికి పిలిచారు. పక్కన నేను, చష్మాల భాయ్, మా సడ్డకుడు ఉన్నాం.

"తమ్మి, నాకు చుక్క కనవడ్తుంది. దాని పక్కన నిలవడ్డ మనుషులు కనవడ్తలేరు" అన్నారు. "మీరు ఎంత మందున్నరో, ఏడున్నరో తెల్వకుంట నేను కొట్ట. ఆ దినం గులాబీ కనవడలే. వద్దన్నది గందుకే."

తమ్ముడు తాను నిలబడ్డ చోటు వైపు తిరిగి చూశాడు. "మరి ముందే చెప్తె అయిపోవు గద సాబ్. గిన్ని దినాలు మేము..."

"ద్రోహి అన్నరు, ఓర్సుకున్న. గుడ్డోడంటె ఓర్సుకునేటోన్ని కాదు."

జగిత్యాల గెలిచింది. చష్మాల భాయ్ కప్పు తీసుకునేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. తమ్ముడు గులాలు సంచి విప్పకుండానే ఆటో ఎక్కించాడు. దారిలో సుబేదారు సాబును తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలియనిదాన్ని కల్పించే పాపం నేను చేయను.

ఆపరేషన్ అయ్యాక ఆయన నా దుకాణం ముందు బల్ల మీద కూర్చునేవారు. నేను వచ్చినవాళ్లకు ఆ మ్యాచు కథ చెప్పేవాడిని, నడుమ చిల్లి పడ్డదాకా. ఆయన విననట్టు పేపరు తిరగేసేవారు. ఒక్కసారి మాత్రం, నేను ఆ దెబ్బకు పదికి పది పాయింట్లు అన్నప్పుడు, పేపరు దించి కల్పించుకున్నారు.

"పది కాదు. గీతకు తాకింది. తొమ్మిదే."